మోకాలి శస్త్రచికిత్స పిమ్మట: బాధయు, వ్యాయామమును
(షోలాపురమున మన సంఘమందిరమునందు చేసిన ప్రసంగపాఠము)



మేము వైద్యులము కాము. నూలు వ్యాపారము చేయువారము. మోకాలి కీలు మార్పిడిని గూర్చి మాటలాడుటకు మాకు గల అర్హత యొక్కటియే. మా తల్లిగారికి ఆ శస్త్రచికిత్స జరిగిన పిమ్మట, ప్రేమచేతనే మేము కొన్ని పొరపాట్లు చేసితిమి. అవి మరియొక యింట జరుగకుండుటకై దాచక చెప్పుచున్నాము.

ఈ ఊర మన తల్లులెందరో కాళ్లు మడచుకొని, గంటల తరబడి బీడీలు చుట్టి సంసారములను గడపినవారు. మా తల్లిగారును అట్టివారే. వారి కుడిమోకాలిలోని మృదులాస్థి అరిగి, ఎముకయు ఎముకయు రాచుకొనసాగెను. వైద్యులు అరిగిన కొనలను చెక్కి, లోహపు తొడుగులమర్చి, నడుమ ప్లాస్టిక్ పలక నుంచిరి. మరునాడే వాకరు పట్టించి నడిపించిరి.

చిక్కంతయు ఇంటికి తెచ్చిన పిమ్మటనే. కాలు వంచినప్పుడెల్ల “ఆపరా నాయనా” యని వారు కేక వేయుచుండిరి. ఆ కేక వినలేక “ఈ పూటకు చాలునమ్మా” అంటిమి. ఆ పూట పది దినములైనది. సుఖముగ నుండునని మోకాలి క్రింద మెత్తని దిండు పెట్టితిమి. మాత్రలెక్కువైన చేటని, బాధ భరింపరానిదైనప్పుడే యిచ్చితిమి. ఈ మూడును తప్పులే.

15వ దినమున వ్యాయామచికిత్స చేయు అమ్మగారు వచ్చి కొలచి చూచిరి. మోకాలు 60 డిగ్రీలకు మించి వంగలేదు, పూర్తిగ చాపుటకును రాలేదు. కుర్చీనుండి సులువుగ లేచుటకే 90 డిగ్రీలకు మించి వంగవలెనట. గాయము మానుచు లోపల నేర్పడు పొర గట్టిపడక మునుపే, మొదటి వారములలోనే, కదలిక సాధింపవలెననియు, లేనిచో మత్తుమందిచ్చి వంచవలసి రావచ్చుననియు హెచ్చరించిరి. దిండును తీయించి మడమ క్రింద పెట్టించిరి.

మాత్రలను గూర్చి వారు చెప్పినది మాకు వింతగ తోచెను. బాధ ముదిరినదాక ఆగక, వైద్యులు వ్రాసిన వేళలకే మాత్ర వేసి, అందొక మోతాదు వ్యాయామమునకు అరగంట, ముప్పావుగంట ముందు పడునట్లు చూడవలెను. మాత్ర పని చేయుచుండగా కాలు వంచవలెను. వ్యాయామము పిమ్మట గుడ్డలో చుట్టిన మంచును 15, 20 నిమిషములుంచవలెను. వైద్యులు వ్రాసిన వానికి తోడు అంగడిలో మరియొక నొప్పిమాత్ర కొని మ్రింగుట మన వీధులలో వాడుకయే. దానివలన కడుపునకును మూత్రపిండములకును అపాయము కలదు.

వ్యాయామములు సులభమైనవే. పండుకొని పాదమును మీదికి క్రిందికి ఆడించుట. తొడకండ బిగించి మోకాటిని పరుపునకదిమి 5 లెక్కించుట. మడమను పరుపుపై తమవైపునకు జరుపుకొనుట. దినమునకు మూడు మారులు. కాని ఆసుపత్రివారిచ్చిన కాగితము మరాఠీలో నుండెను. మా తల్లిగారు చదువగలిగినది తెలుగొక్కటియే. మా చెల్లెలు దానిని పెద్ద తెలుగక్షరములతో వ్రాసి గోడకంటించెను. పదేసి వంపుల నొక బీడీకట్టగ లెక్కింపుమనెను. అది మొదలు “ఇంకను రెండు కట్టలున్నవి, కాఫీ తరువాత” యని వారే అనసాగిరి.

బాధలన్నియు ఒక్కటి కావు. వ్యాయామము పిమ్మట కలిగి, మంచుతో గంటా రెండు గంటలకు తగ్గు బాధకు వెరువనక్కరలేదు. మరునాటికిని బాధయు వాపును హెచ్చియున్నచో లెక్క తగ్గింపవలెను. పిక్క నొప్పితో వాచినను, ఊపిరాడకున్నను, రొమ్ము నొచ్చినను, జ్వరము తగిలినను, గాయము చీము కారినను, అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలసినదే. మేమది మొదట తెలియక, ప్రతి మూలుగునకును ఒకే రీతిని బెదరితిమి.

మూడవ నెలకు మోకాలు 105 డిగ్రీలు వంగెను. మెట్లెక్కునప్పుడు మంచికాలు ముందు, దిగునప్పుడు చికిత్సయైన కాలు ముందు అను నియమము వారికి కంఠస్థమైనది. రాత్రివేళ పోటును, వాపును ఇంకను కొన్ని నెలలుండెను. నేలపై కూర్చుండి బంతిలో భుజింపలేని కొరత మాత్రము వారికి తీరలేదు. పెండ్లిండ్లలో తమకు వేరుగ బల్ల వేయుదురని ఇప్పటికిని చిన్నబుచ్చుకొందురు.

ఆ తెలుగు కాగితమునకు నకళ్లు తీయించి మందిరపు గ్రంథాలయమున నుంచినాము. అందలి వ్యాయామములలో తమకు తగినవేవో వైద్యులనడిగియే మొదలిడవలెను. మా తల్లిగారి వాకరు మా దుకాణమున ఊరక యున్నది. కావలసినవారు తీసికొనిపోయి, పని తీరిన పిమ్మట మరల చేర్పగోరెదము.