తెప్పను విప్పి మళ్ళీ కట్టడం
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగం)



పంచాంగ శ్రవణమూ, పద్యపఠనమూ అయిన తరువాత ఒక రైలు గుమాస్తా లేచి తెప్పల మాట ఎత్తడం కొందరికి వింతగా ఉండవచ్చు. నేను పండితుణ్ణి కాను, మెట్రిక్‌తో చదువు ఆపినవాణ్ణి. పార్సిలు ఆఫీసులో ఐసు వేసి కట్టిన చేపల బుట్టలకు రసీదులు వ్రాసేవాణ్ణి. ఆ బుట్టలు ఎవరి చేతిమీదుగా వస్తున్నాయో చూద్దామని పూరీ ఒడ్డుకు వెళ్ళడం మొదలుపెట్టి, సెలవు దొరికినప్పుడల్లా వెళుతూనే ఉన్నాను. అక్కడ విన్నదీ కన్నదీ కొంచెం మనవి చేస్తాను.

పూరీలో సముద్రం అంచున పెంటకటా అనే పేట ఉంది. అక్కడి జాలరులలో ఎక్కువమంది తెలుగువారే. వారి పెద్దలు ఆంధ్రతీరం నుంచి తరలివచ్చినవారు. ఒరియావారు వీరిని నోలియాలంటారు. యాత్రికుల చేయిపట్టుకుని కెరటాలలో స్నానం చేయించే మొనదేలిన టోపీలవారిని మీరందరూ చూసే ఉంటారు, వారు వీరే.

వీరి పాత వాహనం తెప్ప. ఇప్పుడు ఫైబరు పడవలూ, ఇంజన్లూ వచ్చి కట్టెల తెప్పలు తగ్గిపోయాయి. తెరచాప ఎత్తిన తెప్ప కనబడడం మరీ అరుదు. అయినా ఆ పని ఎరిగిన చేతులు ఇంకా ఉన్నాయి.

తెప్ప అంటే తేలికజాతి దుంగలను పడవ ఆకారానికి చెక్కి, పక్కపక్కన పేర్చి, కొబ్బరి పీచుతాళ్ళతో బిగించినది. ఇంగ్లీషువారి కాటమరాన్ అనే మాట తమిళుల కట్టుమరం నుంచే పుట్టింది. తెప్పకు లోపల, బయట అనే భేదం లేదు. నీరు దుంగల సందుల్లోంచి పైకి వస్తుంది, వచ్చిన దారినే పోతుంది. నీరు నిండి మునగడానికి దానికి కడుపే లేదు. దాని శత్రువు వేరే ఉంది. దుంగ తానే నీరు తాగి బరువెక్కుతుంది. అందుకే వేటనుంచి రాగానే కట్లు విప్పి దుంగలను ఇసుకమీద ఆరవేస్తారు.

తూర్పుతీరాన ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. ఇంజను లేని తెప్పకు ఆ నిషేధం లేదు. కాని దక్షిణపు గాలి ముదిరి కెరటం లేచిన రోజుల్లో సముద్రమే నిషేధిస్తుంది. అప్పుడు తెప్ప ఒడ్డునే ఉంటుంది. మళ్ళీ నీటికి దించేముందు చేసే పని ఒక క్రమంలో సాగుతుంది.

మొదట దుంగలు. వాటిని కిందపెట్టి ఉంచితే అడుగున చెమ్మ చేరుతుంది గనుక ఎత్తుమీద పెట్టి, అప్పుడప్పుడూ తిప్పుతూ ఉండాలి. ఉప్పునీటిలో కర్రను తొలిచే పురుగు ఉంటుంది. పైన సూదిబెజ్జమంత రంధ్రం కనబడితే, లోపల వేలు పట్టేంత సొరంగం ఉండవచ్చు. అందుకని దుంగను తట్టి చప్పుడు వింటారు, అనుమానమున్న చోట కత్తిమొనతో పొడిచి చూస్తారు. ఒక తాతను, దుంగ ఆరిందని ఎలా తెలుస్తుందని అడిగాను. “కంటితో సూస్తే తెలీదు బావూ, బుజానికెత్తుకుంటే తెలుస్తాది” అన్నాడు.

తరువాత తాళ్ళు. పైకి బాగున్న తాడుకూడా ముడిపడిన చోటా, దుంగ అంచు రాసుకున్న చోటా లోపల చివికి ఉంటుంది. పురి విప్పి చూడాలి. కొత్తతాడు ఎండుమీద మొండిగా ఉంటుంది. నీటిలో నానిస్తే చెప్పినట్టు వంగుతుంది. ఒకడు కాలు దుంగకు తన్నిపెట్టి లాగుతాడు, ఇంకొకడు ముడి వేస్తాడు. ఇద్దరిలో ఒకడు ఏమరినా కట్టు వదులే.

ఆ తరువాత తెరచాప. తడిగా మడిచిపెడితే గుడ్డ బూజుపట్టి కుళ్ళుతుంది. విప్పి ఎండకెదురుగా పట్టుకుంటే చిల్లులు చుక్కల్లా కనబడతాయి. గుడ్డకంటే ముందు కుట్టుదారం పోతుంది గనుక కుట్లన్నీ వేలితో లాగి చూస్తారు. మూలల దగ్గర గాలి బలమంతా పడుతుంది. అక్కడ అతుకుమీద అతుకు వేస్తారు. చివరికి తెరకొయ్య, తెడ్లు చూసుకుని, మంచి పొద్దు చూసి, వలలు లేకుండా ఒకసారి కెరటం దాటి తిరిగివస్తారు. వదులైన కట్లు ఆ రాకపోకల్లో బయటపడతాయి. వాటిని బిగించిన తరువాతే వేట.

ఈ తీరానిదే మరో పడవ, పలకలను పీచుతాడుతో కుట్టినది. అందులో ఇనుపమేకు ఉండదు. పలకల సందున గడ్డి దట్టించి పైన కుడతారు. మేకులు కొట్టి బిగించిన పడవ ఈ కెరటాల దెబ్బకు విరిగే చోట, కుట్టుపడవ కొంచెం వంగి ఒడ్డు చేరుతుంది. దాని కుట్లు కూడా పాతబడితే విప్పి తిరిగి కుట్టుకోవలసిందే.

ఒడ్డున ఉన్నంతమాత్రాన భద్రమని కూడా అనుకోవద్దు. 2019 మే 3న ఫణి తుపాను పూరీ దగ్గరే తీరం దాటింది. ఇసుకమీద ఉన్న పడవలూ, వలలూ ఎన్నో పాడైనాయి. మిగిలినవాటిని ఏరుకుని మళ్ళీ కట్టుకున్నారు. కట్టడం తెలిసినవారికి విరిగినదంతా వంటచెరకు కాదు.

ఇదంతా ఈ సభలో ఎందుకంటే, మనలో చాలామందిమి ఉద్యోగాల వెంట వచ్చి ఇక్కడ స్థిరపడ్డాము. మన పిల్లలకు తెలుగు అక్షరాలు రావడంలేదని ఏటేటా ఇక్కడ బాధపడుతున్నాము. ఆ బాధ నిజమైనదే. కాని అదే ఊళ్ళో, బడిముఖం ఎరుగని తాత తన మనవడితో తెడ్డు, చుక్కాని, తెరచాప అని రోజూ తెలుగులోనే పని చెబుతున్నాడు. పని ఉన్నంతకాలం ఆ మాటలు ఆ పిల్లవాడి నోట ఉంటాయి. తెప్ప పోతే ఆ మాటలూ పోతాయి. మన ఇళ్ళలో భాషను ఎత్తుమీద పెట్టి దాచుకున్నాము, బరువు చూడడానికి ఎవరమూ భుజానికెత్తుకోవడంలేదు.

మరొక మాట, పెద్దలు మన్నించాలి. ఈ ముందు వరుసల్లో ఆ పేట నుంచి వచ్చినవారు ఒక్కరూ నాకు కనబడడంలేదు. రమ్మని మనం పిలిచినట్టూ లేదు. వారు మనకంటే ముందే వచ్చిన తెలుగువారు. ఒక ఆదివారం మన పిల్లలను ఒడ్డుకు తీసుకుపోదాం. తాతలచేత తెప్ప కట్టించి, తాడు ఒక కొస పిల్లలచేత పట్టిద్దాం. వచ్చే ఉగాదికి ఆ తాతలను ఈ వేదికమీద కూర్చోబెట్టి వారి మాట విందాం. సంఘం చందా పుస్తకంలో వారి పేర్లు, వారి పిల్లల పేర్లు మన పేర్ల పక్కన వ్రాసుకుందాం.

కట్టు విప్పి చూసుకోవడానికి జంకేవారి తెప్ప నడిసముద్రంలో విడిపోతుంది. ఉగాదినాడు మనమూ మన కట్లు ఒకసారి విప్పి చూసుకుందాం.