ప్రొఫెసరు నవల, రైతు బొమ్మలు



వలస సాహిత్యం మీద మాట్లాడమని నిర్వాహకులు కోరారు. మన తెలుగువాళ్ల కథలు ఈ సభల్లో మీరే వినిపిస్తారు. అందుకని మనకంటే చాలా ముందే ఈ అమెరికా మిడ్‌వెస్ట్‌కు వచ్చి స్థిరపడిన నార్వే వాళ్ల సంగతి ఎత్తుకుంటాను.

1896లో ఓలే రోల్వాగ్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు సౌత్ డకోటాలోని ఎల్క్ పాయింట్‌లో రైలు దిగాడు. నార్వే ఉత్తరాన ఒక దీవిలో పుట్టి, లోఫోటెన్ సముద్రంలో చేపలు పట్టినవాడు. నీకు సొంత పడవ కొనిపెడతాను, ఉండిపొమ్మని యజమాని బతిమాలినా వినలేదు. తీరా ఇక్కడ దిగితే స్టేషన్‌లో తనవాళ్లు ఒక్కరూ లేరు, వస్తున్న రోజు విషయంలో ఎక్కడో పొరపాటు పడింది. ఇంగ్లీషు ముక్క రాదు, కడుపులో ఆకలి. కాలినడకన దారి వెతుక్కుంటూ బయల్దేరాడు. కొన్నేళ్లు పాలేరుతనం చేశాడు, ఆ తరవాత బడిలో చేరాడు. చివరికి మినెసోటాలోని నార్త్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో, సెయింట్ ఓలఫ్ కాలేజీలో నార్వేజియన్ పాఠాలు చెప్పే ప్రొఫెసరయ్యాడు. 1931లో కన్నుమూసిందాకా అదే ఊరు.

ఆయనకు పేరు తెచ్చిన నవల ‘జెయింట్స్ ఇన్ ది ఎర్త్’. దాన్ని ఇంగ్లీషులో రాయలేదు. 1924, 25ల్లో నార్వేజియన్‌లో రెండు భాగాలుగా నార్వేలోనే అచ్చయింది. 1927లో ఇంగ్లీషులోకి వచ్చాకే అమెరికా దాన్ని తనదనుకుంది. 1870లలో డకోటా గడ్డినేలల మీద మట్టిపెళ్లల ఇల్లు కట్టుకున్న పేర్ హన్సా, అతని భార్య బేరెట్ కథ అది. ఆ రోజుల సంగతులు చాలావరకు రోల్వాగ్‌కు మామగారు చెప్పినవే. మిడతల దండు దిగిన రోజున పేర్ ఇంటికి వస్తాడు. తలుపు తెరుచుకోదు. లోపల నార్వే నుంచి తెచ్చుకున్న పెద్ద పెట్టె తలుపుకు అడ్డం పెట్టి ఉంది. తోసుకుని వెళ్లి మూత ఎత్తితే, ఆ పెట్టెలో భార్య, చిన్నపిల్లలు. వలస వల్ల మనిషి మనసు ఎలా చెదురుతుందో ఇంత తక్కువ మాటల్లో చూపినవాళ్లు నాకు తెలిసి అరుదు.

అయినా నాకొక అసంతృప్తి ఉంది. రోల్వాగ్ పాతికేళ్లు బతికింది కాలేజీ, చర్చి, రైల్వే స్టేషన్ ఉన్న ఊళ్లో. ఊరి జీవితం మీద వేరే రచనలు చేశాడు, కాదనను. కానీ లోకం నెత్తిన పెట్టుకున్నది మాత్రం ఊరు పుట్టకముందు కథని. దుఃఖానికి ఉన్న గౌరవం అది! గడ్డినేల మీద పిచ్చెక్కితే మహా నవల, పక్కింటాయనతో గొడ్ల విషయంలో తగువైతే చిల్లర సంగతి.

ఆ చిల్లర సంగతులు రాసినవాడు ఇంకొకడున్నాడు. అయోవాలో డెకోరా అని ఒక చిన్న ఊరు. అక్కడ 1874 నుంచి ‘డెకోరా పోస్టెన్’ అనే నార్వేజియన్ పత్రిక వచ్చేది. ఊరి జనాభాకు ఎన్నో రెట్లు దాని చందాదారులు, చుట్టూ రాష్ట్రాల్లో పొలాల మీద ఉన్నవాళ్లంతా. 1918లో అందులో ‘ఓలా, పేర్’ అనే బొమ్మల కథ మొదలైంది. గీసింది పీటర్ రోసెన్‌డాల్, మినెసోటాలోని స్ప్రింగ్ గ్రోవ్‌లో వ్యవసాయం చేసుకునే రైతు. ఓలా మామూలు కాపు. పేర్ కోటు తగిలించుకుని యంత్రాలు కనిపెడుతుంటాడు, అవి పేలిపోతుంటాయి. పేర్ తమ్ముడు లార్స్ నార్వే నుంచి వచ్చిన చదువుకున్నవాడు, పొలంలో మాత్రం దేనికీ పనికిరాడు. ఈ లార్స్‌లు మన సభలోనూ ఉన్నారు. పేర్లు చెప్పను, మొదటి వరుసలో నా కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ బొమ్మల్లో మాట్లాడేది బడి నార్వేజియన్ కాదు. పల్లె యాసలు, వాటిలో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలు. జనం ఇళ్లల్లో మాట్లాడుకున్నది అదే. ఆ సంవత్సరమే అయోవా గవర్నర్ విలియం హార్డింగ్ యుద్ధకాలపు ప్రకటన ఒకటి చేశాడు: బళ్లలో, రైళ్లలో, ఫోన్లో, చర్చిలో ఇంగ్లీషు తప్ప వేరే భాష వినబడకూడదని. గురి జర్మన్ మీదే అయినా దెబ్బ అన్ని భాషలకూ తగిలింది. సొంత భాషలో చర్చి ప్రార్థన కూడా నేరమైపోయిన ఏడాదిలో ఒక రైతు తన యాసలో జోకులు వేయడం మొదలుపెట్టాడు. ఆయన దాన్ని ధిక్కారమనుకున్నాడో లేదోగానీ, నేను అనుకుంటున్నాను.

రోల్వాగ్ జీవితమంతా తాత భాషను నిలబెట్టుకొమ్మని చెప్పాడు. పాఠాలు చెప్పాడు, సంఘాలు పెట్టాడు, 1925లో ఏర్పడిన నార్వేజియన్-అమెరికన్ చరిత్ర సంస్థకు కార్యదర్శిగా పనిచేశాడు. పిల్లలు వినలేదు. పిల్లలు ఎక్కడ వింటారు? రోసెన్‌డాల్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. 1935లో గీయడం ఆపేశాడు. పాఠకులు ఊరుకోలేదు, పాత బొమ్మలనే మళ్లీ మళ్లీ వేయించుకున్నారు. 1972లో పత్రిక మూతపడేదాకా వేయించుకున్నారు. ఉత్తరం రాయడం మరిచిపోయినవాళ్లకు కూడా ఆ భాషలో నవ్వడం వచ్చు.

మన కథకుల చేతుల్లోనూ బేరెట్ పెట్టెలు చాలా ఉన్నాయి. విమానాశ్రయంలో కన్నీళ్లు, అమ్మ పోయిన కబురు ఫోన్లో రావడం, అందని చివరి చూపు. అవి నిజాలే, నేనూ రాశాను. కానీ గుడి కమిటీ ఎన్నికలు, పాట్‌లక్‌లో మూడు గిన్నెల పులిహోర, మంచు తవ్వలేక పక్కింటి అమెరికన్ తాతగారితో సాగే రాజకీయం ఎక్కడ? నిర్వాహకుల చేతికి వచ్చిన కథల్లో హాస్యకథలు రెండేనని విన్నాను. అలవాటు ప్రకారం వాటిని రాత్రి భోజనాల తరవాతకి నెట్టారట. అప్పటికి సగం మంది కార్లెక్కేస్తారు. ఆ రెండింటినీ ముందుకు జరిపి, నేను కూర్చోగానే చదివించమని అధ్యక్ష హోదాలో కోరుతున్నాను.