టీవీలో కల్యాణం, కొండ మీద ప్రసాదం

మన దేశంలో నేల మీది టీవీ ట్రాన్స్‌మిటర్లు, చిన్నవైనా పెద్దవైనా, దూరదర్శన్‌వే. గుడికో స్టేషన్ పెట్టుకునే వీల్లేదు. అందుకే భక్తి మనకు ఉపగ్రహం మీదుగా, కేబుల్ తీగ పట్టుకుని వస్తుంది. తిరుమల దేవస్థానం వారి శ్రీవేంకటేశ్వర భక్తి ఛానల్ 2008 జూలైలో మొదలైంది. మధ్యాహ్నం పన్నెండింటికి కల్యాణోత్సవం ప్రత్యక్ష ప్రసారం. కెమెరా ఉత్సవమూర్తుల దగ్గరే ఆగుతుంది, మూలవిరాట్టు జోలికి పోదు. ఆ కట్టుబాటు నాకు నచ్చుతుంది.

అన్నవరంలోని రత్నగిరి కొండ మీద సత్యదేవుడి కల్యాణం వైశాఖ శుద్ధ ఏకాదశి రాత్రి. కొండెక్కలేని పెద్దవాళ్లు టీవీ ముందు అక్షింతలు పట్టుకుని కూర్చుంటారు. తలంబ్రాల ఘట్టం రాగానే తెర మీదికే చల్లేస్తారు! ఇక గోధుమరవ్వ, నెయ్యి కలిపి తియ్యగా వండి ఆకులో కట్టిచ్చే ప్రసాదమంటారా, దానికి మాత్రం రత్నగిరి ఎక్కాల్సిందే. లేదంటే హైవే పక్కన ప్రసాదం కౌంటర్ దగ్గర బండి ఆపాల్సిందే.