పని మానినవారు ఎవరి భారము?



జమ్మికుంట మార్కెట్టుకు పత్తి బండ్లు వచ్చినప్పుడు ధర ఎంత పలికినదని మనమందరము అడుగుదుము. ఆ పత్తిని ఎండలో వంగి ఏరినవారు ముసలివారైనప్పుడు వారి సంగతి అడుగువారు తక్కువ. కూలివారికి ప్రావిడెంట్ ఫండు లేదు, గ్రాట్యుటీ లేదు. వారిని పని చేయనివారని మనము ఎట్లు అనగలము? బ్రతుకంతా చేసి, ఒళ్లు సహకరించక మానినవారు వారు.

మన రాష్ట్రములో 2014 నవంబరులో ఆసరా పింఛను నెలకు 1000 రూపాయలతో మొదలైనది. 2019లో అది 2016 రూపాయలైనది. అంతకుముందు వృద్ధులకు ముట్టినది 200 రూపాయలే. మేలు జరిగినది, కాదనము. అయితే ఇంటికి ఒకే వృద్ధాప్య పింఛనని, అదియు స్త్రీకే ముందని నిబంధన పెట్టిరి. అట్టి ఇంట ముసలాయన తన మందులకు ముసలమ్మను అడుగవలెను. ఇన్నేండ్లు ఆమె అడిగినది గదా అని మనలో కొందరు నవ్వుదురు. నవ్వినను, మందులు ఇద్దరికీ కావలెను.

తల్లిదండ్రుల పోషణకై 2007లో చట్టము వచ్చినది, ఆర్డీఓ యెదుట దరఖాస్తు పెట్టవచ్చును. కాని కన్నకొడుకుపై కాగితము పెట్టు తల్లులు మన ఊళ్లలో ఎందరు? చట్టము చేరని ఆ ఇంటికి సంఘమే చేరవలెను. పోస్టాఫీసు దాకా ఎవరు నడువలేకున్నారో, మిషను మీద వ్రేలిముద్ర ఎవరికి పడుట లేదో (పత్తి ఏరి అరిగిన వ్రేళ్లు గదా) వచ్చే ఆదివారము ఆరాధన ముగియగానే వాడవారీగా వ్రాసుకొందము.