బిల్లు ఆలస్యమైతే వడ్డీ ఎవరు కట్టాలి?

(పలమనేరు పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17 నాటి నకారా తీర్పు గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. నేను ఆసుపత్రి బిల్లు గురించి చెబుతాను. ముప్పై ఏళ్ళు ట్రెజరీలో బిల్లులు చూసినవాణ్ణి, నాకు తెలిసింది అదే.

2020 మార్చి పెన్షన్ మనలో చాలామందికి సగమే వచ్చింది. కరోనాతో రాబడి పడిపోయిందని ప్రభుత్వం మిగతా సగం ఆపింది. విశ్రాంత జిల్లా జడ్జి ఒకరు హైకోర్టుకు వెళ్ళారు. హైకోర్టు 12 శాతం వడ్డీతో ఇవ్వమన్నది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు దాన్ని 6 శాతానికి తగ్గించింది. తగ్గితే తగ్గింది, ఆలస్యానికి వడ్డీ కట్టాలన్న మాట నిలిచింది.

మరి ఆసుపత్రుల సంగతి? 2020లోనే కరోనా చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చారు. ప్రైవేటు ఆసుపత్రులకు రోజుకు మామూలు రోగికి 3,250 రూపాయలు, వెంటిలేటరు మీదున్నవారికి 9,580 రూపాయలు అని కట్టడి చేశారు. మంచి పనే. కాని సిలిండర్లు తెచ్చేవాడికి ఏ రోజు డబ్బు ఆ రోజే ఇవ్వాలి. ప్రభుత్వం డబ్బు బిల్లు పాసయ్యాకే వస్తుంది. పైగా మామూలు ఆపరేషన్లు వాయిదాపడి చేతిలో ఆడే డబ్బు తగ్గింది. ఈ లోటు ఎవరు పూడ్చాలి?

నేను పూడ్చాను. 2021 మే మొదటి వారంలో మా ఇంటామెకు ఆక్సిజన్ 88కి పడింది. మా అల్లుడు కారులో వేరే ఊరి ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాడు. హెల్త్ కార్డు చూపించాను. కౌంటరులోని పిల్లవాడు "అయ్యా, కార్డు తరువాత చూద్దాం, ముందు యాభై వేలు కట్టండి" అన్నాడు. నెలనెలా పెన్షన్లో చందా పట్టించుకుంటున్నవాణ్ణి, ఒళ్ళు మండిపోయింది. అయినా కట్టాను. మే 10 రాత్రి తిరుపతి రుయాలో ట్యాంకరు ఆలస్యమై, ఆక్సిజన్ ఒత్తిడి తగ్గి 11 మంది చనిపోయారు. మరునాడు ఇంకో ముప్పై వేలు అడిగితే నోరెత్తలేదు.

దేవుడి దయవల్ల ఆమె ఇంటికొచ్చింది. డిశ్చార్జినాడు మేనేజరుతో తగవుకు పోయాను. ఆయన ఒక ఫైలు తీసి నా ముందుంచాడు. "సార్, మా బిల్లులు నెలలుగా ఆగినాయి. ఇది చూడండి, ఒక సంతకం లేదని తిప్పి పంపినారు."

నాకు మాట రాలేదు. ఎర్ర సిరాతో అట్లాంటివి నేనెన్ని తిప్పి పంపలేదు!

అయినా ఆయన చేసింది న్యాయమని అనను. ఆలస్యం సర్కారుది, వడ్డీ ముందుగా వసూలైంది నా దగ్గర. అప్పు పుట్టనివారి గతేమిటి? మహమ్మారి కాలంలో ఆసుపత్రులకు కొంత సొమ్ము ముందుగానే జమచేసి, బిల్లులు తరువాత సరిచూసుకోవాలని, గడువు దాటితే ఆసుపత్రులకూ వడ్డీ ఇవ్వాలని, అడ్వాన్సు అడిగితే ఫిర్యాదు అదే రోజు వినాలని మన సంఘం తీర్మానం చెయ్యాలని నా కోరిక. సర్కారీ ఆసుపత్రులకూ ఆరోగ్యశ్రీ డబ్బు వస్తుంది కాబట్టి మన ఊరి ఏరియా ఆసుపత్రినీ మరవకూడదు.

నా రీయింబర్సుమెంటు బిల్లు కూడా ఒకసారి తిరిగివచ్చింది, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ మీద ముద్ర సరిగా పడలేదట. రెండోసారి పంపితే స్కీము రేటు ప్రకారం కొంత వచ్చింది. ఆ కాగితాల నకళ్ళు సంచిలో తెచ్చాను. భోజనాలయ్యాక కావలసినవారు చూసుకోవచ్చు.