పల్లంలో నది, ఎత్తున చేను



ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది త్వరలో హైదరాబాద్ బస్సెక్కుతారు. ఎక్కేముందు తెలంగాణ పటాన్ని ఒక్కసారి ఎత్తుపల్లాలతో చూడండి. కోస్తా డెల్టాలో నదికి ఆనకట్ట కడితే చాలు, నీళ్లు కాలువల వెంట తమంతట తామే పొలానికి పారతాయి. 1852 నాటికి ధవళేశ్వరంలో జరిగింది అదే. మనకా వీలు తక్కువ. మేడిగడ్డ దగ్గర గోదావరి సముద్రమట్టానికి సుమారు 100 మీటర్ల ఎత్తున ఉంటే, సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్ 600 మీటర్లు దాటింది.

కాకతీయులకు మోటార్లు లేవు. నదిని వదిలి వానను పట్టుకున్నారు. రామప్ప, పాకాల, లక్నవరం అలా వచ్చినవే. గొలుసుకట్టులో పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండేది. చెరువులు పూడాక రైతు బోరు వేశాడు. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటలూ ఉచిత కరెంటు వచ్చింది. ఉచితం రైతుకే సుమా, ఖజానాకు కాదు. ఆ ఖజానా నిండేది ఎక్కువగా హైదరాబాద్ చుట్టుపక్కల పన్నులతోనే.

ఇక ఎత్తిపోతల లెక్క. ఒక టీఎంసీని 100 మీటర్లు ఎత్తడానికి, నష్టాలేమీ లేకపోయినా, దాదాపు 77 లక్షల యూనిట్లు కావాలి. నమ్మకం లేకపోతే ఇంజనీరింగ్ వాళ్లు ఇక్కడే వేసి చూసుకోండి. మేడిగడ్డ నుంచి కొండపోచమ్మకైతే దానికి అయిదు రెట్లు. చిత్రమేమిటంటే, నీళ్లు పల్లాన పారే ఆ గోదావరి లోయలోనే వాటిని ఎత్తే కరెంటుకు సింగరేణి బొగ్గూ ఉంది.

2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజ్ స్తంభాలు కుంగాయి. బాధ్యులెవరో తేలాల్సిందే. కానీ బరాజ్ ఉక్కులా నిలబడి ఉన్నా కరెంటు బిల్లు వచ్చేదే. అంత ఖర్చుతో ఎక్కించిన నీటిని వరికి పెట్టాలా, ఆరుతడి పంటకా అన్న ప్రశ్న మాత్రం ఎన్నికల సభల్లో వినపడదు. వరికి మద్దతు ధరతో కొనుగోలు కేంద్రం ఉంది, కందికి అంత భరోసా లేదు. రైతును తప్పుపట్టి లాభం లేదు.

ఆర్థికశాస్త్రం చదివినవాళ్లకు ఒక పని చెబుతాను. ఒక్కో ఆయకట్టులో క్వింటాలు వడ్లకయ్యే కరెంటు ఖర్చును మద్దతు ధర పక్కన వేసి ఏటా అచ్చువేయండి. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఆ పట్టిక చూసి కాస్త ఇబ్బంది పడుతుంది. పడనివ్వండి.