మాసూమా బేగం సాహెబా: పదవికి ముందు, పదవి తరువాత
(వార్షిక సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)

 

సేవలో జీవితమంతా గడిపిన ఒక పెద్దామెను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యవర్గంవారు కోరినారు. మేము ఎంచుకున్న పేరు హైదరాబాదు మాసూమా బేగం సాహెబా. ఆమె మన ఊరి మనిషి కాదు. కాని ఆమె పుట్టిననాటికి మన బూర్గంపాడు కూడ నిజాం ఏలుబడిలోనిదే. గోదావరికి ఆవలి భద్రాచలం ఇంగ్లీషువారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ లెక్కన ఆమె మన రాజ్యపు ఆడపడుచే.

ఆమె కథ చెప్పాలంటే ముందు తల్లి కథ చెప్పాలి. తల్లి తయ్యబా బేగం, ఆసఫియా గ్రంథాలయాన్ని నెలకొల్పిన సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీగారి కుమార్తె. ఆడపిల్ల అక్షరం నేర్వడమే గొప్పగా చూసే కాలంలో మద్రాసు విశ్వవిద్యాలయం పట్టా పుచ్చుకున్నారు. మన దేశంలో పట్టభద్రులైన తొలి ముస్లిం స్త్రీలలో ఆమె ఒకరు. ఉర్దూలో నవలలు రాసినారు. అంతటితో ఆగక స్త్రీల కొరకు అంజుమనె ఖవాతీన్ అనే సంఘాన్ని స్థాపించినారు.

ఆ తరం స్త్రీలను గురించి మన గోదావరి ఒడ్డువారికి చప్పున అర్థమయ్యే సంగతి ఒకటున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. అప్పుడు సహాయ కార్యక్రమాలలో ముందు నిలిచిన స్త్రీలలో సరోజినీ నాయుడుగారు, అమీనా హైదరీగారు పేర్కొనదగినవారు. ఒకరు హిందువు, ఒకరు ముస్లిం. వరద నీళ్ళకు ఆ తేడా తెలియదు, సాయానికి వెళ్ళిన చేతులకూ తెలియలేదు.

అటువంటి వాతావరణంలో మాసూమా బేగం పెరిగినారు. మహబూబియా బాలికల పాఠశాలలో చదివినారు. తల్లిగారు గతించిన పిమ్మట అంజుమనె ఖవాతీన్ బాధ్యత ఆమె భుజాలపై పడింది. పేద స్త్రీలకు చదువు చెప్పించడం, చేతిపనులు నేర్పించడం, నాలుగు డబ్బులు తామే సంపాదించుకునే దారి చూపించడం – ఇదీ ఆ సంఘం పని. అఖిల భారత మహిళా సభలో కూడ ఏండ్ల తరబడి పనిచేసినారు. చూడండి, అప్పటికి ఓటూ లేదు, సీటూ లేదు. ఎవరూ దండలు వేయలేదు. ఆ పని దాదాపు ముప్పయి ఏండ్లు సాగింది.

ఆ తరువాతనే పదవి వచ్చింది. 1952లో జరిగిన మొట్టమొదటి సాధారణ ఎన్నికలలో పాతబస్తీలోని శాలిబండ నుంచి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికైనారు. 1957లో పత్తర్‌గట్టి నుంచి మళ్ళీ గెలిచినారు. 1960లో దామోదరం సంజీవయ్యగారు ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయన మంత్రివర్గంలో సాంఘిక సంక్షేమ శాఖ చేపట్టినారు. ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి అయిన తొలి ముస్లిం మహిళ ఆమెయే. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి ఆయన. ఆ ఇద్దరూ ఒకే మంత్రివర్గంలో కూర్చున్న రోజులవి.

1962 ఎన్నికలలో ఆమె ఓడిపోయినారు. మాకు ఆమె జీవితంలో అన్నిటికంటె విలువైన పాఠం ఇక్కడనే కనబడుతున్నది. ఓడినంత మాత్రాన సేవ మానుకోలేదు. స్త్రీల సంఘాల పని ఆమెకు పదవికంటె పాతది, పదవి పోయినా మిగిలింది. 1974లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. దాదాపు తొంభై ఏండ్లు బ్రతికి 1990లో కన్నుమూసినారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఇటువంటి పని మన దీన్‌కు కొత్తదా? కాదు. మదీనాలో రుఫైదా అనే సహాబియా ప్రవక్త మసీదు దగ్గరే గుడారం వేసి, యుద్ధంలో గాయపడినవారికి సేవ చేసిన సంగతి చరిత్రలో ఉన్నది. మక్కాకు వచ్చే హాజీల దాహం తీర్చడానికి కాలువ తవ్వించినది ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా బేగం. సాయం చేసే చెయ్యి ఆడదా మగదా అని దాహంతో ఉన్నవాడు అడగడు.

ఇక మన ఊరి మాటకు వద్దాము. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు లేచింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. మూడవ ప్రమాద హెచ్చరికే 53 అడుగుల దగ్గర ఇస్తారు, మిగతాది మీకు చెప్పనక్కరలేదు. ఒకవైపు గోదావరి, ఇంకొకవైపు కిన్నెరసాని. అటువంటి రోజులలో మునగని ఇండ్ల వంటగదులే ఊరందరి వంటగదులైనవి. బియ్యం ఏరినవారు, బాలింతకు వేడినీళ్ళు కాచినవారు, ఎవరింట్లో ముసలామె మందులు లేక ఉన్నదో ఆరా తీసినవారు ఎవరు? మన అమ్మలు, ఆపాలు, నానీమాలు. కోయ ఇంటివారికీ, తురక ఇంటివారికీ ఒకే డేక్షాలోనుంచి అన్నం వడ్డించినవారు వారే. ఏ ఇంట్లో ఆకలి ఉన్నదో మన లెడ్జరుకన్న వారికే ముందు తెలుస్తుంది.

అందుచేత ఈ సభ ముందు ఒక విన్నపం పెడుతున్నాము. నేటి సర్వసభ్య సమావేశంలో కార్యవర్గాన్ని ఎన్నుకొనేటప్పుడు కనీసం ఇద్దరు స్త్రీలను తీసుకోవాలి. పేరుకు మాత్రం కాదు. వరద సాయం సరుకుల జాబితా, పదవ తరగతి దాటిన ఆడపిల్లల చదువు సాయం – ఈ రెండు పద్దులూ వారి చేతిలో పెట్టాలి. ఏ పిల్ల చదువు ఫీజు దగ్గర ఆగిందో, ఏ పిల్ల చదువు పెండ్లి మాట దగ్గర ఆగిందో తల్లులతో కూర్చుని మాట్లాడగలిగినవారు వారే గదా!

ఆడవాళ్ళు మీటింగులకెట్లా వస్తారు అని కొందరు పెద్దలకు సందేహం ఉండవచ్చు. 1952లో పాతబస్తీ గల్లీలలో ఒక ముస్లిం స్త్రీ ఓటు అడిగితే జనం వేసినారు, గెలిపించినారు. అది జరిగి డెబ్బై ఏండ్లు దాటింది. మీటింగు రాత్రిపూట కాక జుహర్ నమాజు తరువాత పెట్టుకుందాము. పిల్లలను చూసుకోవడానికి ఆ పూటకు మనమే ఇండ్ల దగ్గర ఉందాము. ఇందులో పోయేదేమున్నది?

మాసూమా బేగం సాహెబాకు విగ్రహం పెట్టమని మేము అడగడం లేదు. తల్లి మొదలుపెట్టిన పనిని కూతురు ఏండ్ల తరబడి మోసింది. మన ఇండ్లలోని తల్లులు మోస్తున్న పనికి మన రిజిస్టరులో ఒక వరుస కేటాయించమని మాత్రమే కోరుతున్నాము. తీర్మానం కాగితం రాసి కార్యదర్శిగారికి ఇచ్చినాము. సంతకం చేసేవారు సభ ముగిసేలోగా చేయవలసిందిగా మనవి.

మరహూమా మాసూమా బేగం సాహెబాకు, మన ఊరిలో పేరు లేకుండా సేవ చేసి వెళ్ళిపోయిన తల్లులందరికీ అల్లాహ్ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక.